హైరమ్ తాత తిన్నంతసేపు

వెర్నా క్వేడ్ రన్‌వే మీద రాళ్ళు ఏరుతోంది.

ఇనప పళ్ళ దంతెను ఒక బార లాగడం, పళ్ళకి తగులుకున్న రాళ్ళను వంగి ఏరి సేజ్ పొదల్లోకి విసరడం, మళ్ళీ ఒక బార లాగడం. పధ్నాలుగు వందల అడుగుల ఎర్రమట్టి పట్టీ. రెండేళ్ళుగా తెల్లవారగానే ఆమె చేసే మొదటి పని ఇదే. గోళీకాయంత రాయి చాలు, తిరిగే ప్రొపెల్లర్ దాన్ని పైకి పీల్చుకుని తన అంచు తానే పగలగొట్టుకుంటుంది.

యూటా ఎడారిలో, నది వంపుకి అయిదు వందల అడుగుల పైన ఉంది బ్రోకెన్ స్పూన్ స్ట్రిప్. యురేనియం కోసం జనం పిచ్చెత్తి తవ్విన రోజుల్లో హైరమ్ స్టబ్స్, అతని తండ్రి బుల్‌డోజర్‌తో చదును చేసిన నేల అది. యురేనియం దొరకలేదు. నేల మిగిలింది, పక్కన ఒక చెక్క ఇల్లు మిగిలింది. జీపు దారి అరవై మైళ్ళు. ఫోను పలకదు. శనివారం శనివారం మాత్రం జనం చిన్న చిన్న విమానాలు వేసుకుని సరదాగా దిగుతారు, పాన్‌కేకులు తింటారు, ఎండ ముదరక ముందే ఎగిరిపోతారు. అందరి ఇళ్ళలోనూ పెనాలున్నాయి.

వెర్నా ఈ ఇంటి కాపలామనిషి అని వాళ్ళ నమ్మకం. యాభై రెండేళ్ళు, వెలిసిపోయిన చొక్కా, గడ్డి టోపీ. ఆమె అసలు సంగతి, అంటే ఏజెంట్ మాగ్‌పై అన్న సంగతి, దేశం మొత్తం మీద నలుగురికి తెలుసు. అందులో ముగ్గురు మరిచిపోయారు. నాలుగోవాడు డిప్యూటీ డైరెక్టర్ ప్రెస్కాట్. ఆయన ప్లాను గురించి ఒక మీటింగులో ఉన్నమాట అన్నందుకు ఆమెను ఈ ఎడారికి పంపింది ఆయనే. చెక్క ఇంటికి 'పరిశీలన కేంద్రం' అని ఒక పేరు కూడా పెట్టాడు.

బుధవారం ఆమె పిండి కొనడానికి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు పెట్రోలు బంకు టెలిఫోను మోగింది.

“మాగ్‌పై, జాబితా పోయింది.”

“ఏ జాబితా సార్?”

“రేవు పట్నం జాబితా. తొమ్మిది పేర్లు. మైక్రోఫిల్ము. కోబాల్ట్ ముఠా ఎత్తుకుపోయింది. శనివారం సరిహద్దు దాటిస్తారు. దాటిందంటే ఆదివారానికి అక్కడ తొమ్మిది మందీ ఉండరు.”

వెర్నా రిసీవర్ గట్టిగా పట్టుకుంది. ఆ తొమ్మిదిలో మూడో పేరు అడెలా. సముద్రం అవతల రేవు పట్నంలో కుట్టుపని చేసుకునే మనిషి. నౌకాదళం వాళ్ళ కోట్లకి చేతులు కుడుతూ విన్న మాటలు ఆరేళ్ళుగా చేరవేస్తోంది. ఆమెను ఈ పనిలోకి దింపింది వెర్నాయే. “మీ పేరు నా నోట తప్ప ఇంకెవరి నోటా రాదు,” అని ఆ కుట్టుమిషను పక్కన నిలబడి మాటిచ్చింది. ఆఫీసు ఆ పేరును శుభ్రంగా టైపు కొట్టించి, వరస నంబరు వేసి, ఫిల్ము తీసి, పోగొట్టుకుంది.

“ఎయిర్‌పోర్టులన్నీ కాపలాలో ఉన్నాయి,” అన్నాడు ప్రెస్కాట్. “ఎవరూ చూడనివి మీ సరదా స్ట్రిప్పులే. కొరియర్ మీ ఫలహారాల్లో కలిసిపోయి, అక్కణ్ణుంచి దక్షిణంగా ఎగిరిపోతాడని సమాచారం. మనిషెవరో తెలీదు. ముఠా లోపల మనవాళ్ళొకరున్నారు, వాళ్ళే నీకు చూపిస్తారు. కోడ్ మాట రాసుకో. వాళ్ళు ‘ఇక్కడ చేపలు పడతాయా?’ అంటారు. నువ్వు ‘పౌర్ణమికి మాత్రమే’ అనాలి.”

“ఇది ఎడారి సార్.”

“కోడ్ సెక్షన్ వాళ్ళు నెలరోజులు ఆలోచించి పెట్టారు.”

“పెట్టి ఉంటారు. తుపాకి పంపిస్తారా?”

“కాపలామనిషి దగ్గర తుపాకి ఉంటే అనుమానం రాదూ?”

యూటాలో తుపాకి లేని మనిషి మీదే అనుమానం వస్తుందని ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. దానికి బదులు పోస్టులో ఒక ఉప్పుడబ్బా వచ్చింది. మూత తిప్పి నొక్కితే కొండ వెనక ఆగి ఉన్న హెలికాప్టర్‌కి సిగ్నల్ వెళ్తుంది. ఒక్కసారే పనిచేస్తుంది. మాటలు పోవు, మాటలు రావు. అందులో ఉప్పు కూడా పట్టదు.

ఇవాళే ఆ శనివారం. ఆరున్నరకి మొదటి విమానం వినిపించింది. వెర్నా దంతె భుజాన వేసుకుని పక్కకి తప్పుకుంది.

డ్వేన్ విమానం అది. పొలాలకి మందు చల్లి చల్లి రిటైరయిన మనిషి. భారీ మనిషి, భార్య అంతకంటే భారీ. వెనక సీట్లో హైరమ్ తాత, పిండిమూట, ఐసు పెట్టె. తాతకి ఎనభై ఆరేళ్ళు. దించి మడత కుర్చీలో కూర్చోబెడితే, కుర్చీ కింద తన పాత రైఫిలు పెట్టుకున్నాడు. పాముల కోసమని చెబుతాడు. కాఫీ ముట్టడు, బూతు మాటాడడు, వేడినీళ్ళు తాగుతాడు.

“రన్‌వే బాగా ఉంచావమ్మాయ్,” అన్నాడు.

“మీరు వేసిందే కదా తాతా.”

“నేను వేసినప్పుడు ఇంత మంచిగా లేదు. దిగినవాడల్లా దేవుణ్ణి తలుచుకునేవాడు.”

ఒకరి తరవాత ఒకరు మరో మూడు విమానాలు దిగాయి. ఏడింటికి పచ్చ రంగుది వచ్చింది. దాని రెక్కల కింద రెండు కెమెరాలు, తోక మీద ఒకటి. స్కాట్స్‌డేల్ పళ్ళ డాక్టర్ లాథ్రోప్. టోపీ మీద ఈక, మెడలో రుమాలు, బూట్లకి మట్టంటితే తుడవడానికి ఇంకో రుమాలు. దిగుతూనే తన చేతికర్ర కెమెరాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. “మనిషి కాలు పెట్టని ఎడారిలో ఒంటరిగా...” అంటుంటే, “డాక్టర్‌గారూ, కొంచెం జరగండి, కాఫీ కెటిల్ మీద నిలబడ్డారు,” అంది డ్వేన్ భార్య.

చివరికి వచ్చింది బూడిదరంగు విమానం. ముందు ఒకసారి తక్కువ ఎత్తులో రన్‌వే మీదుగా పోయి పైలట్ నేలంతా చూసుకున్నాడు. రేడియోలో తన పేరు, దిశ చెప్పుకున్నాడు. చుట్టు తిరిగి వచ్చి దిగాడు. దిగి, కాఫీ దగ్గరికి పోకుండా ముందు రన్‌వే మీద పది రాళ్ళు ఏరి పొదల్లో పారేశాడు. అది ఇక్కడి ఆచారం. కొత్తవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. ఇతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“చెట్ రౌలీ,” అని అందరికీ చెయ్యిచ్చాడు. “మోయాబ్ నుంచి. నలభై నిమిషాల దూరం. పొద్దున్నే బుద్ధి పుట్టింది, లేచొచ్చాం.”

జీన్సు సరిగ్గా మోకాళ్ళ దగ్గర వెలిసింది. టోపీకి సరిగ్గా చెమట మరక. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కుడి బూటు మాత్రం ఎడమదానికంటే కాస్త బరువుగా పడుతోంది. బూటులో తుపాకి పెట్టుకున్నవాళ్ళు అలా నడుస్తారు. కానీ ఇక్కడ సగం మంది అలాగే నడుస్తారు.

అతని వెనక దిగిందామె. తెల్ల ప్యాంటు. పట్టు స్కార్ఫు. నల్లద్దాలు. ఈ ఎర్ర దుమ్ములోకి తెల్ల ప్యాంటు వేసుకొచ్చినవాళ్ళని వెర్నా రెండేళ్ళలో చూడలేదు. ఆమె చేతిసంచీ ఊపుకుంటూ ఇంట్లోకి వచ్చి, నీళ్ళు తాగి, గ్లాసు అంచున అంటిన లిప్‌స్టిక్‌ని చూసుకుంటూ అడిగింది.

“ఇక్కడ చేపలు పడతాయా?”

వెర్నాకి ఆ జవాబు చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పింది. “పౌర్ణమికి మాత్రమే.”

“నేను కొరిన్,” అంది ఆమె, గొంతు తగ్గించి. “రెండేళ్ళుగా ముఠాలో ఉన్నాను. చెట్‌కి ఏమీ తెలీదు, పాపం, నా సరదా నేస్తం అంతే. నీక్కావలసింది ఆ పచ్చ విమానం. డాక్టరు. ఫిల్ము అతని కెమెరాలో ఉంది.”

“డాక్టరా?”

“ఎవరూ అనుమానించనివాణ్ణే కదా వాళ్ళు ఎంచుకుంటారు.”

“అతను పొద్దున్న తిన్నదేంటో కూడా ప్రపంచానికంతటికీ చెప్పే మనిషి. రహస్యం అతని నోట్లో పెడితే పంటికి ఆగదు.”

కొరిన్ చిరునవ్వు నవ్వింది. పట్నం వాళ్ళు పల్లెటూరి వాళ్ళకి జాలిగా ఇచ్చే నవ్వు. “నువ్వు చాలాకాలంగా రాళ్ళు ఏరుతున్నావు బంగారం. మనుషుల్ని నాకు వదిలెయ్.”

వెర్నా దంతె తీసుకుని బయటికి నడిచింది. విమానాలు దిగిన తరవాత చక్రాల గాడులు పూడ్చాలి. ఆ గాడులు చూస్తేనే ఆమెకు సంగతి తెలిసింది.

రన్‌వే సగం దాటాక నేల కాస్త మెత్తన. అక్కడ అందరి చక్రాలూ గీత పడేస్తాయి. డాక్టరుది పిల్లి నడిచినట్టుంది. ఆ విమానంలో కెమెరాలు తప్ప ఏముంది? డ్వేన్‌ది అర వేలు లోతు. ముగ్గురు మనుషులు, పిండిమూట, ఐసు పెట్టె. చెట్ రౌలీది రెండు వేళ్ళ లోతు.

ఇద్దరు సన్నటి మనుషులు. ఒక చేతిసంచీ.

వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు పెట్టి మళ్ళీ కొలిచింది. నలభై నిమిషాల దూరం నుంచి సరదాకి వచ్చినవాడు ఎప్పుడూ టాంకులు నింపుకుని రాడు. ఇంత పొట్టి స్ట్రిప్‌కి వచ్చేవాళ్ళు వచ్చిపోవడానికి సరిపడా పోసుకుని, మిగతా బరువు ఇంటిదగ్గర వదిలేసి వస్తారు. చివరికి భార్యతో బరువెంతని అడిగి తిట్లు తింటారు. ఇతని టాంకులు అంచుదాకా నిండి ఉన్నాయి. వెనక సీట్లో డబ్బాలు కూడా ఉన్నాయేమో. ఎక్కడా ఆగకుండా చాలా దూరం పోవాలనుకునే మనిషి. దక్షిణంగా.

కొరియర్ అతనే అయితే, కొరిన్ అబద్ధం చెప్పింది. కొరిన్ అబద్ధం చెప్పిందంటే, ఆమె రెండు వైపులా జీతం తీసుకుంటోంది.

వెర్నా లేచేలోపల వెనక ఇంజను మోత వినిపించింది. పచ్చ విమానం.

బ్రోకెన్ స్పూన్‌లో ఒక రూలుంది. హైరమ్ తాత తినడం ముగించి ఫోర్కు కింద పెట్టేదాకా ఎవరూ ఇంజను స్టార్టు చెయ్యరు. ఎప్పుడో తాత భార్య బతికున్న రోజుల్లో ఎవడో తొందరపడి స్టార్టు చేస్తే దుమ్మంతా ఆమె కలిపిన పిండిలో పడింది. ఆవిడ గిన్నె తెచ్చి వాడి సీట్లో కుమ్మరించిందట. అప్పట్నుంచీ అది రూలు. కాగితం మీద లేదు, కాబట్టి అందరూ పాటిస్తారు.

డాక్టరు పాటించలేదు. కొండ అంచున వెలుగు బాగుందట, వీడియోకి. పెనం మీద పాన్‌కేకులు సగం కాలుతుండగానే దుమ్ము రేపుకుని లేచిపోయాడు.

“ఒరేయ్ పళ్ళ వెధవా!” అని డ్వేన్ ఆకాశంలోకి అరిచాడు. భార్య పెనం మీద ఎప్రన్ కప్పి నిలబడింది.

“ఎంత అమర్యాద!” అన్నాడు చెట్ రౌలీ అందరికంటే గట్టిగా, తల అడ్డంగా ఊపుతూ. “పెద్దాయన ఇంకా ముట్టుకోనేలేదు. ఇలాంటివాళ్ళ వల్లే మన పైలట్లకి చెడ్డపేరు.”

‘మన పైలట్లకి’ అన్న మాట దగ్గర అతని గొంతు కొంచెం గర్వపడింది. వెర్నా ఆ గర్వాన్ని గుర్తుపెట్టుకుంది.

కొరిన్ పెదాలకి లిప్‌స్టిక్ సర్దుకుంటూ ఆమె పక్కకి వచ్చింది. లిప్‌స్టిక్ అడుగున సన్నటి రేడియో తీగ ఉంది. “బేస్‌కి చెప్పేశాను. పచ్చది అని. హెలికాప్టర్ అతని వెనకే పోతుంది. ఇంక నీకు పనేమీ లేదు. హాయిగా పాన్‌కేకు తిను.”

కొండ వెనకనుంచి హెలికాప్టర్ చప్పుడు లేచి పడమటికి తగ్గిపోయింది. దేశంలోకెల్లా ఖరీదైన పదిమంది మనుషులు ఒక పళ్ళ డాక్టరు వెనక పడ్డారు. వెర్నా వంటగట్టు దగ్గరికి పోయి ఉప్పుడబ్బా నొక్కింది. ఏమీ జరగలేదు. చప్పుడు అలాగే తగ్గిపోతూ ఉంది.

ఇంటిగోడ మీద థర్మామీటరు డెబ్బై ఎనిమిది ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ఈ చల్లటి గాలిలో రెండు వేళ్ళ లోతు బరువైనా లేచిపోతుంది. అడెలా పేరు దానితో పాటు లేచిపోతుంది.

టైరు పొడుద్దామంటే, కొరిన్ ఆ బూడిద విమానం రెక్క నీడలో దుప్పటి పరుచుకుని కూర్చుంది. తనకి ఎండ పడదట. బల్ల దగ్గర కలబడదామంటే, చుట్టూ తొమ్మిది మంది, అందులో ముగ్గురు కర్ర లేందే నడవలేరు. చెట్ బూటు మీదినుంచి చెయ్యి దూరం పోనివ్వడం లేదు. అక్కడ తుపాకులు లేస్తే శనివారం ఫలహారం శవాలతో ముగుస్తుంది.

వెర్నా ఒక పళ్ళెంలో మూడు పాన్‌కేకులు పెట్టి, పైన తేనె పోసి, తాత ఒళ్ళో పెట్టింది. పెడుతూ వంగి చెవిలో చెప్పింది.

“తాతా, ఇవాళ మెల్లిగా తినండి.”

హైరమ్ ఆమె మొహం వైపు చూశాడు. ఎందుకని అడగలేదు. ఎడారిలో ఎనభై ఏళ్ళు బతికినవాళ్ళు తక్కువ అడుగుతారు.

“ఎంత మెల్లిగా?”

“పదకొండు దాటాలి.”

“నాకున్నవి అయిదు పళ్ళు,” అన్నాడు తాత. “అదేమంత కష్టం కాదు.”

తినడం మొదలైంది.

మొదటి ముక్క కోయడానికే ఆయనకి ఆరు నిమిషాలు పట్టింది. ముక్కను ఫోర్కుతో ఎత్తి, యురేనియం రోజుల్లో తన తండ్రి గాడిద గురించి చెప్పి, ముక్కను దించాడు. వేడినీళ్ళు అడిగాడు. నీళ్ళు చల్లారిపోయాయన్నాడు. మళ్ళీ కాచారు. ఈలోగా పాన్‌కేకు చల్లారింది. దాన్ని మళ్ళీ పెనం మీద వేశారు.

ఎనిమిదిన్నరకి చెట్ మొదటిసారి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదికి రెండోసారి. థర్మామీటరు ఎనభై ఎనిమిది.

“తాతగారికి ఆకలి బాగానే ఉందే,” అన్నాడు నవ్వుతూ.

“తొందరేమైనా ఉందా బాబూ?” అన్నాడు హైరమ్, నమిలేది ఆపి. “ఉంటే స్టార్టు చేసుకో. దుమ్ము పడితే పడుతుంది. ఆ పళ్ళ డాక్టరు మాత్రం చెయ్యలేదూ?”

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ చెట్ వైపు తిరిగాయి. చెట్ రెండు చేతులూ పైకెత్తాడు. “అయ్యో, ఎంతమాట! మీరు తినండి. నేను అలాంటివాణ్ణి కాదు.”

వెర్నా తొలిసారి అతన్ని చూసి జాలిపడబోయి, మానుకుంది. ఎక్కడో గదిలో కూర్చుని వీళ్ళ వీడియోలన్నీ చూసి, వీళ్ళ రూళ్ళన్నీ బట్టీపట్టి వచ్చాడు. డాక్టరు లాంటి అసలైన మూర్ఖుడికి రూలు తప్పే ధైర్యముంది. దొంగకి లేదు. ఒక్కటి తప్పినా పట్టుబడతానని అతని భయం. నిజానికి ఇక్కడ రూలు తప్పినవాణ్ణి తిడతారు, అంతే. అనుమానించరు.

తొమ్మిదిన్నరకి వెర్నా దంతె తీసుకుని రన్‌వే అవతలి కొసకి నడిచింది. కొస తరవాత ఇరవై గజాల దూరంలో ఎండిన వాగు. ఆ ఇరవై గజాలూ ఆమె గట్టి నేలను దంతెతో చీల్చి, వాగులో ఇసుక పారతో ఎత్తిపోసి, మళ్ళీ దంతెతో పైకి లేపి, దుక్కిలా చేసింది. గంట పట్టింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

తిరిగి వస్తుంటే రెక్క నీడలోంచి కొరిన్ నల్లద్దాలు పైకెత్తింది.

“డాక్టరు ఈపాటికి సంకెళ్ళలో ఉంటాడు. నువ్వింకా ఆ చీపురు వదలవా?”

“అలవాటు.”

“ఒకప్పుడు నువ్వు ఏజెంటువట గదా. ప్రెస్కాట్ చెప్పాడు. పాపం అన్నాడు.”

“ఆయనకి జాలి ఎక్కువ,” అంది వెర్నా.

పదకొండు దాటి పావుగంటకి హైరమ్ తాత ఆఖరి ముక్క మింగి, మూతి తుడుచుకుని, ఫోర్కు పళ్ళెంలో పెట్టాడు. థర్మామీటరు నూట మూడు. మనిషికైతే జ్వరమని పడుకోబెడతారు. రన్‌వే మీద గాలి నీళ్ళలా వణుకుతోంది.

చెట్ లేచి నిలబడ్డాడు.

“ఇప్పుడొద్దు చెట్,” అన్నాడు డ్వేన్. “మేమెవరమూ కదలం. నదిలో పడుకుని సాయంత్రం పోదాం. ఈ ఎండకి గాలి పలచబడిపోతుంది, రెక్కకి ఆనడానికేమీ ఉండదు.”

“మధ్యాహ్నం మా అత్తగారు వస్తారు. పోకపోతే నా పని అయిపోతుంది.”

అందరూ నవ్వారు. హైరమ్ నవ్వలేదు. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి అడిగాడు.

“టాంకులు సగమే కదా?”

చెట్ టోపీ సర్దుకున్నాడు. “సగమే.”

“అయితే లేస్తుందిలే,” అన్నాడు తాత.

అంతమంది ముందు పెట్రోలు పారబోసి బరువు తగ్గించుకునే దారి అతనికి ఆ ఒక్క మాటతో మూసుకుపోయింది. టోపీ తీసి అందరికీ ఊపి వెళ్ళాడు. రెక్క కింద వంగి, అందరు పైలట్లలాగే చిన్న గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు వంచి, నీళ్ళు కలిశాయేమోనని వెలుతురుకి పట్టి చూశాడు. గొట్టాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. కొరిన్ దుప్పటి దులిపి ఎక్కింది.

బూడిద విమానం గర్జించి కదిలింది. మూడు వందల అడుగులు. ఆరు వందలు. మెత్తటి నేల దగ్గర చక్రాలు దిగబడి, కాస్త నెమ్మదించి, మళ్ళీ అందుకుంది. తొమ్మిది వందలు. తోక లేచింది, చక్రాలు లేవలేదు. అతను నేర్చుకున్న లెక్క సముద్రపు ఒడ్డున చల్లటి గాలికి వేసినది. పన్నెండు వందల దగ్గర చక్రాలు జానెడు లేచాయి.

జానెడు ఎత్తున పోతోంది. కిందికి రావడం లేదు. ఒక్క చల్లటి గాలి తెర వస్తే చాలు, వాగు దాటేస్తుంది, నది మీదికి జారుతుంది, అక్కణ్ణుంచి అతన్ని ఎవరూ పట్టుకోలేరు. వెర్నా పెదాలు కదిలాయి. అడెలా, అంది. దేవుణ్ణి పిలవాలని తోచలేదు.

గాలి రాలేదు. జానెడు అలసిపోయి దిగింది. చక్రాలు ఆమె దుక్కిలో దిగబడ్డాయి. విమానం ముక్కు మీద నిలబడి, ఆలోచించుకున్నట్టు ఒక క్షణం ఆగి, వాగు అంచున వెల్లకిలా పడింది.

వెర్నా పరిగెత్తింది. చేతిలో దంతె అలాగే ఉంది. వెనక నుంచి డ్వేన్ సామాన్లు లాగే ట్రాలీలో హైరమ్ తాతని కూర్చోబెట్టుకుని లాక్కుంటూ వస్తున్నాడు. తాత ఒళ్ళో పాముల రైఫిలు.

చెట్ రౌలీ తలుపు తన్ని పాకుతూ బయటపడ్డాడు. నుదుటి నుంచి రక్తం. తలకిందులైన రెక్కలోంచి బుడబుడమని పెట్రోలు కారుతోంది. సగం టాంకుల పెట్రోలు కాదది. అతను రక్తం తుడుచుకోలేదు, నీళ్ళడగలేదు, లోపల ఉన్న ఆడమనిషి బతికుందో లేదో చూడలేదు. బూటు తుపాకిని కూడా మరిచిపోయాడు. ముందు చొక్కా జేబు తడుముకుని గుండీ విప్పి, గాజు గొట్టం తీసి గుప్పెట్లో దాచుకున్నాడు.

తలకిందులైన విమానానికి పెట్రోలు పరీక్ష చేసే పైలట్ ఉండడు.

దంతె వెనక్కి పోయి వచ్చింది. ఇనప పళ్ళు అతని మణికట్టుకి తగిలాయి. గొట్టం ఇసుకలో పడింది. వెర్నా కాలు వేసి తొక్కిపట్టింది.

“కదలకు బాబూ,” అన్నాడు ట్రాలీలోంచి తాత. “నా కన్ను సరిగా ఆనదు. ఎక్కడ తగులుతుందో నేను చెప్పలేను.”

కొరిన్ అవతలి వైపునుంచి వచ్చింది. తెల్ల ప్యాంటు మిగల్లేదు, మొత్తం ఎరుపే. చేతిలో ముత్యాల పిడి పిస్తోలు. రైఫిలు చూసింది, వెర్నాని చూసింది. పిస్తోలు నెమ్మదిగా చెట్ వైపు తిరిగింది.

“భలే పని చేశావు వెర్నా! నేను ఇతన్ని చివరి నిమిషంలో పట్టుకుందామని ఆగాను. మన ప్లాను...”

“ఏ మన?” అంది వెర్నా.

కొరిన్ పిస్తోలు ఇసుకలో పడేసింది.

వెర్నా గొట్టం మరమూత విప్పింది. అడుగున బియ్యపుగింజంత చుట్ట. తొమ్మిది మంది మనుషులు, వాళ్ళ వీధులు, వాళ్ళు పనికి పోయే వేళలు. పిడికిలి మూసింది. అవతల రేవు పట్నంలో ఇప్పుడు రాత్రి. అడెలా మిషను మీద గుడ్డ కప్పి పడుకుని ఉంటుంది. ఏమీ తెలీకుండా.

హెలికాప్టర్ ఒంటిగంటన్నరకి వచ్చింది. పక్కన చదునైన చోటున్నా రన్‌వే నడిమధ్యే దిగింది.

డాక్టర్ లాథ్రోప్ తడిసిన బట్టల్తో, ఈక లేని టోపీతో దిగాడు. అతన్ని నదిలో పడేదాకా తరిమారట. కెమెరాలు నాలుగూ విప్పి చూశారట. డెబ్బై గంటలు, అన్నిట్లోనూ అతని మొహమే.

ప్రెస్కాట్ ఇంట్లోకి వచ్చి, మిగిలిన పాన్‌కేకు ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

“ఉప్పుడబ్బా సిగ్నల్ అందింది,” అన్నాడు నములుతూ. “పచ్చదేనని నువ్వు కూడా ఖాయం చేస్తున్నావనుకున్నాం. సరే, అయిందేదో అయింది. రిపోర్టులో ఇలా రాద్దాం. కొరిన్ మీద హెడ్ ఆఫీసుకి మొదట్నుంచీ అనుమానం ఉంది. అసలు కొరియర్‌ని ఏమరపాటులో ఉంచడానికి పచ్చ విమానాన్ని కావాలనే వెంబడించాం. బాగుంది కదూ?”

వెర్నా ఫిల్ము చుట్టను ఆయన పళ్ళెం పక్కన పెట్టలేదు. ఆయన కళ్ళముందే పొయ్యిలో వేసింది. అది చిటుక్కుమని, ఆరిపోయింది.

“అది ప్రభుత్వ ఆస్తి!”

ఆమె కెటిల్ కడిగి బోర్లించింది.

“పోనీలే, మా దగ్గర కాపీ ఉంది,” అన్నాడు ప్రెస్కాట్. ఆమె తల తిప్పి చూసిన చూపుకి నమలడం ఆపి, “అది కూడా కాల్పిస్తాలే,” అన్నాడు. కాసేపటికి మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నాడు. “ఇంతకీ చెట్ రౌలీ అని ఎలా కనిపెట్టావు? కోడ్ సెక్షన్ వాళ్ళు అడుగుతారు. పది నిమిషాల్లో బయల్దేరాలి, త్వరగా చెప్పు. ఖైదీలిద్దరు, డాక్టరు, మావాళ్ళు, అందరం ఒకే ట్రిప్పులో పోతాం. ఆరింటికి నాకు డిన్నరుంది.”

వెర్నా కిటికీలోంచి చూసింది. హెలికాప్టర్ గాలికి రాళ్ళూ పుల్లలూ రన్‌వే అంతా చెదిరిపోయాయి. హెలికాప్టర్ పైలట్ బూట్లు విప్పి, టోపీ మొహం మీద కప్పుకుని, డ్వేన్ విమానం రెక్క కింద నిద్రపోతున్నాడు. థర్మామీటరు నూట ఎనిమిది. ఇంత ఎండలో, అంతమందితో, పొద్దు కొండ వెనక్కి దిగేదాకా ఇక్కణ్ణుంచి ఏదీ లేవదని అతనికి తెలుసు. డిప్యూటీ డైరెక్టర్‌కి చెప్పే పని తనది కాదనుకున్నాడేమో.

వెర్నా కూడా తనది కాదనుకుంది. తలుపు వెనకనుంచి దంతె తీసుకుని రాళ్ళు ఏరడానికి బయటికి వెళ్ళిపోయింది.